పుట్టలా కడితే పుట్ట నుంచి నేర్చుకున్నట్టేనా?

నీలిగీత

ఈ మధ్య ఏ ప్రయోగాత్మక భవనం ఫొటో చూసినా కింద "ప్రకృతి స్ఫూర్తితో" అని ఉంటోంది. ఒకటి గవ్వట, ఒకటి ఆకు ఈనెలట, ఇంకోటి తేనెపట్టట. కంప్యూటర్‌లో గీస్తారు, రోబో చేత కోయిస్తారు, ఫొటోలు అద్భుతంగా వస్తాయి. భవనాల డ్రాయింగులు వేసి బతికే మనిషిని నేను. ఈ మాట ఇంత తేలిగ్గా వాడేస్తుంటే బాధేస్తోంది.

బీజింగ్‌లో 2008 ఒలింపిక్స్ కోసం కట్టిన స్టేడియాన్ని అందరూ పక్షిగూడు అంటారు. పక్షి తన ముక్కుతో మోయగలిగిన పుల్లలతోనే గూడు అల్లుకుంటుంది. ఆ స్టేడియం పైచట్రానికేమో దాదాపు 42,000 టన్నుల స్టీలు పట్టింది. గూడు నుంచి అక్కడికి చేరింది కంటికి కనిపించే అల్లిక ఒక్కటే.

ఈ రంగంలో ఎక్కువ భాగం ఇంతేనని నా అభిప్రాయం. ఆకారం తెచ్చుకుని ప్రకృతి పేరు తగిలిస్తున్నారు. కాదనేవాళ్లు ఏది, ఎందుకు కాదో చెప్పండి. వింటాను.

చిత్రిక

నీలిగీత గారూ, పక్షిగూడు విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ దాన్ని పట్టుకుని మొత్తం రంగాన్ని తీసిపారేయడం న్యాయం కాదు. నేను సీఎన్సీ రూటర్ మీద, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్క కోసే మెషిన్ మీద పనిచేస్తాను. చేత్తో చేసే చెక్కపని కూడా నేర్చుకున్నాను. అందుకే తయారీ వైపు నుంచి చెబుతాను.

స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయంలో అఖిమ్ మెంగెస్, యాన్ క్నిపెర్స్ బృందాలు 2011లో ఒక పెవిలియన్, అంటే ప్రదర్శన మండపం కట్టాయి. వాళ్లు చూసింది సాండ్ డాలర్ అనే సముద్రజీవి పెంకును. ఆ పెంకు చిన్న చిన్న పలకలు కలిసి ఏర్పడుతుంది. ఎక్కడ చూసినా ఒక బిందువు దగ్గర మూడు పలకల అంచులే కలుస్తాయి, నాలుగు కలవవు. ఇందులోనే ఉంది కిటుకు. మూడే కలిసేటట్టు అమర్చితే పలకల మధ్య అతుకు వంపు బలాన్ని మోయక్కర్లేదు. నొక్కే బలం, అంచు వెంట జారే బలం మోస్తే చాలు. వంపు మోయాల్సిన అవసరం లేని అతుకును వేళ్లలో వేళ్లు దూర్చినట్టుండే ఫింగర్ జాయింట్‌తో చేసేయొచ్చు. అందుకే అంత పెద్ద కట్టడం 6.5 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో నిలబడింది. మీ బల్ల సొరుగు అడుగున ఉండే షీటు మందం అంతే ఉంటుంది.

మరి రోబో ఎందుకంటారా? అందులో 850కి పైగా భాగాలు, లక్షకు పైగా జాయింట్ వేళ్లు ఉన్నాయి. భాగాలు రకరకాల కొలతల్లో, రకరకాల కోణాల్లో ఉంటాయి. చేత్తో చేస్తే ఒక్కో కొత్త కోణానికీ కొత్తగా కొలవాలి. మెషిన్‌కి పదో ముక్క తొమ్మిదోదానిలా ఉన్నా లేకున్నా పని ఒకటే. జీవశాస్త్రం నుంచి ఇంజనీరింగ్ వైపు వచ్చిన జూలియన్ విన్సెంట్ చెప్పిన సంగతి ఒకటుంది: జీవుల్లో పదార్థం ఖరీదు, ఆకారం చవక, మన కట్టుబడిలో ఇన్నాళ్లూ దానికి తలకిందులు. ఈ మెషిన్ల వల్ల మనకూ ఆకారం చవకవుతోంది. నాకు ముఖ్యమైనది అదే. గవ్వలా కనిపించిందా లేదా అన్నది నేను చూడను.

సున్నం

నేను సైట్ ఇంజనీర్‌ని. చిత్రిక గారు చెప్పింది చదవడానికి బావుంది గానీ ఆ కట్టడం ఒక పెవిలియన్. గోడలు, పైపులు, కరెంటు, మంటల నుంచి రక్షణ ఏవీ అక్కర్లేని చోట ఎవరైనా పల్చగా కట్టొచ్చు.

ఇంకో మాట. ఇదంతా కొత్త అన్నట్టు మాట్లాడుతున్నారు. 1975లో జర్మనీలోని మన్‌హైమ్‌లో ఆర్కిటెక్ట్ ఫ్రై ఒట్టో మల్టీహాలే అనే హాలు పైకప్పును గొలుసుల వల వేలాడదీసి కనుక్కున్నాడు. వేలాడే గొలుసులో లాగుడు తప్ప ఇంకేమీ ఉండదు. దాన్ని తిరగేస్తే నొక్కుడు తప్ప ఏమీ లేని కప్పు వస్తుంది. కట్టింది 5 సెంటీమీటర్ల చదరపు చెక్క బద్దీలతో. రోబో లేదు. ఒక ఎగ్జిబిషన్ కోసం తాత్కాలికంగా వేసిన ఆ కప్పు ఇప్పటికీ నిలిచే ఉంది. స్పెయిన్ ఆర్కిటెక్ట్ గౌడీ అంతకన్నా ముందే తాళ్లకు చిన్న సంచులు కట్టి వేలాడదీసి ఇదే పని చేశాడు. ప్రకృతి నుంచి నేర్చుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు, గురుత్వాకర్షణ చాలు.

మూడోది, నన్ను నిజంగా కలవరపెట్టేది, కార్బన్ ఫైబర్. ఆ స్టుట్‌గార్ట్ వాళ్లే 2019లో హైల్‌బ్రాన్‌లో 23 మీటర్ల వెడల్పు గుమ్మటం కట్టారు. గాజు నార, కార్బన్ నార రెజిన్‌లో (ఆరితే గట్టిపడే జిగురులో) తడిపి చుట్టిన 60 భాగాలు. చదరపు మీటరుకు 7.6 కిలోలేనట. గొప్ప సంగతే. కానీ రెజిన్‌తో గట్టిపడ్డ నారను రేపు ఎలా విడదీస్తారు? చచ్చిన పెంకుపురుగు రెక్క మట్టిలో కలుస్తుంది, ఇది కలవదు. ప్రకృతి పాఠంలో సగం వదిలేశారు కదా.

చిత్రిక

సున్నం గారూ, మూడో మాట ఒప్పుకుంటాను. 2021లో ఫ్రైబుర్గ్‌లో అదే తరహా పెవిలియన్‌ని అవిసె నారతో కట్టారు. నార పొలం నుంచి వచ్చింది కానీ దాన్ని పట్టి ఉంచే రెజిన్ సమస్య పూర్తిగా తీరలేదు.

రెండో మాట దగ్గర మాత్రం ఆగండి. ఒట్టో బద్దీలన్నీ ఒకే రకం. నేల మీద పరిచి, కింది నుంచి ఎత్తి వంచారు. వంగే బద్దీ దొరికినచోట ఆ పద్ధతికి తిరుగులేదు. రాయి వంగదు కదా, దానికేం చేస్తారు? 2016లో వెనిస్ బినాలే అనే ఆర్కిటెక్చర్ ప్రదర్శనలో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ బ్లాక్ బృందం 399 సున్నపురాళ్లతో ఒక కమాను కప్పు పెట్టింది. సున్నం పూత లేదు, సిమెంటు లేదు, జిగురు లేదు. 16 మీటర్ల మేర పరుచుకున్న ఆ కప్పు కొన్నిచోట్ల 5 సెంటీమీటర్ల మందమే. గొలుసు చెప్పిన సూత్రమే అది. కాకపోతే 399 రాళ్లూ వేర్వేరు. పక్క రాయితో అతుకు సరిగ్గా కుదిరేలా ఒక్కోదాన్నీ కోయాలి. గురుత్వాకర్షణ ఆకారం చెబుతుంది, రాయిని కోసిపెట్టదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట మేం కొందరం కలిసి ప్లైవుడ్ పలకలతో ఒక చిన్న గుమ్మటం చేశాం. ఫైల్‌లో గాడి వెడల్పు సరిగ్గా షీటు మందమే ఇచ్చాం. షీట్ల మీద 6.5 అని ముద్ర ఉంది. బిగించే ముందురోజు రాత్రంతా వాన. పొద్దున చూస్తే వేళ్లు గాడుల్లో దిగడం లేదు. కాలిపర్ పెట్టి కొలిస్తే ఒక షీటు 6.3, పక్కది 6.8. సుత్తితో మెల్లగా కొట్టాను, పై పొర అంచు నుంచి చీరుకుని ఊడొచ్చింది. ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. సగం పలకలు మళ్లీ కోశాం, ఈసారి ప్రతి గాడిలో 0.4 మిల్లీమీటర్లు వదులిచ్చి.

ఆ రోజు చెక్క మీద నాకు ఒళ్లు మండింది. తర్వాత తెలిసింది, మా పనిని చెడగొట్టిన ఆ గుణాన్నే మెంగెస్ పనిలో పెట్టాడని. 2012లో పారిస్ పాంపిడూ సెంటర్ కోసం చేసిన హైగ్రోస్కోప్‌లో పల్చటి చెక్క రేకులు గాలిలో తేమను బట్టి తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. మోటారు లేదు, సెన్సర్ లేదు. పైన్ కాయ పొలుసులు ఎండకు విచ్చుకునేది, తేమకు ముడుచుకునేది ఇలాగే. రెండు పొరల్లో ఒకటి ఎక్కువ ఉబ్బితే రేకు వంగుతుంది. అది గాజు పెట్టెలో పెట్టిన నమూనా అని మీరంటారు. నిజమే. అయినా చెక్క గుణాన్ని లోపంగా చూడటం నేను మానేసింది దాన్ని చూశాకే.

నీలిగీత

చిత్రిక గారూ, సాండ్ డాలర్ గురించి చదివాక నా మొదటి పోస్టులో "ఎక్కువ భాగం ఇంతే" అన్న మాట తప్పనిపించింది. కానీ నాకు ఇంకో సందేహం వచ్చింది, శాస్త్రమే తప్పయితే?

జింబాబ్వే రాజధాని హరారేలో 1996లో తెరిచిన ఈస్ట్‌గేట్ సెంటర్ భవనాన్ని ఆర్కిటెక్ట్ మిక్ పియర్స్ చెదపుట్ట చూసి డిజైన్ చేశాడు. రాత్రి చల్లగాలిని అంతస్తుల మధ్య బోలు దారుల్లోకి లాగి కాంక్రీటును చల్లబరుస్తారు, పగలు ఆ చల్లదనం గదుల్లోకి వస్తుంది. మామూలు ఏసీ ప్లాంటు లేకుండానే అంత పెద్ద భవనం నడుస్తోంది. అయితే పుట్ట లోపలి వేడిని గాలి ప్రవాహమే ఒకేలా ఉంచుతుందన్నది అప్పటి నమ్మకం. తర్వాత స్కాట్ టర్నర్, రూపర్ట్ సోర్ అనే పరిశోధకులు నమీబియా పుట్టల్ని పరిశీలించి వేరే సంగతి చెప్పారు. గూడు వేడి చుట్టూ ఉన్న నేల వేడిని బట్టే మారుతుంది. పైన కనిపించే పుట్ట పని ఊపిరితిత్తులు చేసే పని లాంటిది, లోపలి గాలిని మార్చడం. అంటే పాఠం తప్పు, భవనం మాత్రం బాగానే పనిచేస్తోంది. దీన్ని ఏమనాలి?

సున్నం

దీనికి నా దగ్గర జవాబుంది, ఎందుకంటే ఈస్ట్‌గేట్ నాకు నచ్చిన భవనం. అక్కడ పని చేసింది కాంక్రీటు బరువు, రాత్రి పగలు వేడి తేడా, గాలి దారి. ఇవి కొలిచి చూసుకున్నారు కాబట్టి నిలబడింది. పుట్ట వాళ్లను ఆ వైపు తిప్పింది, అంతవరకే దాని గొప్ప. తర్వాత లెక్కలు వేయకుండా పుట్టను నమ్ముకుని ఉంటే జనం లోపల ఉడికిపోయేవాళ్లు.

కాబట్టి జీవి పేరు చెప్పే ప్రతివాళ్లనీ నేను ఒకటే అడుగుతాను: కొలిచారా? చదరపు మీటరుకు ఎన్ని కిలోలు పట్టింది, మామూలుగా కడితే ఎన్ని? చిత్రిక గారి ఉదాహరణలు నాకు నచ్చింది ఆ అంకెల వల్లే.

పెవిలియన్లు వదిలి స్లాబుల సంగతి చూడండి. మామూలు భవనంలో కాంక్రీటు ఎక్కువగా తాగేది స్లాబే. లోకంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం ఒక్క సిమెంటుదే. స్విట్జర్లాండ్‌లో డ్యూబెన్‌డోర్ఫ్‌లోని డీఫ్యాబ్ హౌస్ అనే ప్రయోగాత్మక ఇంట్లో త్రీడీ ప్రింట్ చేసిన సెంట్రింగ్ మీద పోసిన స్లాబు ఉంది. అడుగున పక్కటెముకల్లా గీతలు, బలం నడిచే దారిలోనే కాంక్రీటు, మిగతా చోట పల్చగా. మామూలు స్లాబులో సగం కాంక్రీటు కూడా పట్టలేదు. రోజూ సెంట్రింగ్ చెక్క విప్పి, విరిగిన పలకలు కుప్ప పోయించే నాకు, ఇది నా పనికి దగ్గరగా వచ్చినట్టు అనిపించింది. ఇది ఇంకో పది చోట్ల వచ్చేదాకా నా అనుమానం పోదు, కానీ చూడాలని మాత్రం ఉంది.

పట్టుకాయ

నేను విద్యార్థిని, చిన్న సందేహం. 2013లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో నేరి ఆక్స్‌మన్ బృందం మెషిన్‌తో పట్టుదారాల చట్రం అల్లి, దాని మీద 6,500 పట్టుపురుగుల్ని వదిలింది. అవి మిగతా గుమ్మటాన్ని నేశాయి. దాన్ని ఏ లెక్కలో వేస్తారు? పురుగు అక్కడ స్ఫూర్తి కాదు, పనివాడు.

చిత్రిక

మంచి ప్రశ్న. పట్టు తీయాలంటే మామూలుగా కాయల్ని వేడినీళ్లలో ఉడకబెడతారు, లోపలి పురుగు చస్తుంది. అక్కడ పురుగులు చదునైన తలం మీద దారం వదిలి బతికి బయటపడ్డాయి, రెక్కల పురుగులయ్యాయి. వెలుతురు, వేడి ఎక్కడెలా ఉన్నాయో చూసుకుని ఎక్కడ దట్టంగా నేయాలో అవే తేల్చుకున్నాయి. మనిషి చేసింది చట్రం పెట్టి పక్కకు తప్పుకోవడం. సున్నం గారి ప్రశ్నకు అక్కడ జవాబు దొరకదు, ఆ గుమ్మటం కింద ఎవరూ కాపురం ఉండలేరు. అయినా నేను దాన్ని తోసిపుచ్చలేను. రూటర్ దగ్గర నిలబడినప్పుడు నేను చేసేది చెక్కకు ఆజ్ఞ ఇవ్వడం. దారం ఎక్కడ వేయాలో పురుగును తేల్చుకోనివ్వడం నాకింకా రాలేదు.

నీలిగీత

రేపు ఆఫీసులో ఒక స్లాబు డ్రాయింగు ఉంది, 150 మిల్లీమీటర్లు అంతటా ఒకటే మందం. సున్నం గారూ, బలం నడిచే దారి గీసి మీకు పంపుతాను. ఎక్కడ తగ్గించొచ్చో చూసి చెప్పండి.