లిండీ హాప్‌ను బతికించింది ఎవరు: హార్లెం వాసులా, స్వీడన్ యువకులా?

లయమిత్ర:

లిండీ హాప్ అనే జంట నాట్యాన్ని నేను బెంగుళూరులో నేర్చుకుంటున్నాను. స్వింగ్ అనే జాజ్ సంగీతానికి ఆడే నాట్యాలకు ఇదే మూలమని అక్కడ చెబుతారు. చెప్పే చరిత్ర కూడా ఎప్పుడూ ఒకే వరుసలో సాగుతుంది: 1920ల చివర న్యూయార్క్‌లోని నల్లజాతీయుల పేట హార్లెంలో పుట్టింది, అక్కడి సవాయ్ బాల్‌రూమ్ అనే నాట్యశాలలో పెరిగింది, రెండో ప్రపంచ యుద్ధం తరువాత కనుమరుగైంది, 1980లలో స్వీడన్ యువకులు కొందరు పాత సినిమాలు చూసి, న్యూయార్క్ వెళ్లి, వృద్ధులైన నర్తకులను వెతికి పట్టుకుని దానికి మళ్లీ ప్రాణం పోశారు. మొదటి రెండు ముక్కల మీద నాకు అనుమానం లేదు. మిగతా రెండూ మాత్రం మింగుడుపడటం లేదు. పేట పేటంతా ఆడిన ఆటను అంతమందీ కలిసి ముప్పై ఏళ్లపాటు మరచిపోవడం సాధ్యమా? దీని మీద లోతుగా చదివినవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు.

పాతరికార్డు:

లయమిత్ర గారూ, మీరు విన్న కథ కాస్త మొరటుగా ఉన్నా అబద్ధం మాత్రం కాదు. ఒక జనపదంలో నాట్యం బతికి ఉన్నదని అనాలంటే దానికి తగిన సంగీతం ఉండాలి, ఆడే చోటు ఉండాలి, చిన్నవాళ్లు పెద్దవాళ్ల పక్కన నిలబడి చూసి నేర్చుకునే అలవాటు ఉండాలి. లిండీ హాప్ విషయంలో ఈ మూడూ పదిహేనేళ్లలో చెదిరిపోయాయి. 1942 ఆగస్టులో అమెరికా వాద్యకారుల సంఘం రికార్డింగులను నిలిపివేసింది. స్వింగ్ వాయించే పెద్ద బృందాలు స్టూడియోలకు దూరమైన ఆ రోజులలోనే గాయకులు ముందుకు వచ్చారు. బృందాలలోని కుర్రవాళ్లను సైన్యం తీసుకుపోయింది. పెట్రోలుకూ టైర్లకూ రేషను పెట్టడంతో పదిహేను మందిని వెంటబెట్టుకుని ఊరూరా తిరగడం గిట్టుబాటు కాలేదు. 1944లో పాటా ఆటా ఉండే క్యాబరేల మీద ప్రభుత్వం 30 శాతం పన్ను వేసింది. కొద్ది నెలలకే దానిని 20 శాతానికి తగ్గించినా యజమానులు ఈలోగా లెక్క చూసుకున్నారు. గాయని లేకుండా, నర్తించే చోటు లేకుండా ఒక చిన్న బృందాన్ని పెట్టి వాద్యాలు మాత్రమే వినిపిస్తే పన్ను పడదు. బీబాప్ అనే కొత్త జాజ్‌కు ఆ ఏర్పాటు సరిగ్గా సరిపోయింది. 1958లో సవాయ్ కూడా మూతపడి, ఆ స్థలంలో నివాస భవనాలు లేచాయి.

ఇక మనుషుల సంగతి. 1930లలో సవాయ్‌లో పేరు మోసిన ఫ్రాంకీ మానింగ్ 1950ల మధ్య నుంచి మూడు దశాబ్దాలపాటు తపాలా శాఖలో ఉద్యోగం చేసుకున్నారు. ఆయన తోటివాడు ఆల్ మిన్స్‌ను స్వీడన్ వాళ్లు 1984లో తమ దేశానికి పిలిపించుకున్నారు, మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూశారు. ఒక్క ఏడాది ఆలస్యమై ఉంటే ఆయన దగ్గర నేర్చుకునే అవకాశం వారికి దక్కేదే కాదు. హెర్రాంగ్ అనే స్వీడన్ పల్లెలో 1982 నుంచి ఏటా జరుగుతున్న నాట్య శిబిరం లేకపోతే మీరు బెంగుళూరులో అడుగు వేసేవారు కారు. ఆ ఋణాన్ని ఒప్పుకోవడానికి మొహమాటం ఎందుకు?

కోనసీమ గాలి:

నాది చిన్న సందేహం. 1928లో షార్టీ జార్జ్ స్నోడెన్ అనే ఆయన ఒక పోటీలో దీనిని కనిపెట్టి, అట్లాంటిక్ మహాసముద్రాన్ని విమానంలో దాటిన లిండ్‌బర్గ్ పేరు పెట్టాడని చదివాను. కనిపెట్టినవాడు ఒకడున్నప్పుడు అసలు రూపం ఏదో తేలిపోవాలి కదా. దానిని ఎవరు నిలబెట్టారో చూస్తే చర్చ ముగుస్తుంది.

లెనాక్స్ వీధి:

కోనసీమ గాలి గారి సందేహం నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే పుట్టుకను ఎలా అర్థం చేసుకుంటామో మరణాన్నీ అలాగే అర్థం చేసుకుంటాం.

లిండ్‌బర్గ్ ప్రయాణం 1927 మే నెలలో జరిగింది. మరుసటి ఏడాది వేసవిలో హార్లెంలోని మాన్‌హాటన్ కాసినోలో రోజుల తరబడి సాగిన మారథాన్ నాట్య పోటీలో స్నోడెన్ తన జోడీ చేయి వదిలి సొంత అడుగులు వేశాడనీ, అదేమిటని అడిగితే లిండీ అని బదులిచ్చాడనీ కథ. పేరు అలా వచ్చి ఉండవచ్చు. ఆట మాత్రం అప్పటికే ఉంది. జంటగా పట్టుకుని తిరుగుతూ మధ్యలో విడివడి, ఎవరి అడుగులు వారు వేసి, మళ్లీ కలుసుకునే ఈ పద్ధతిని హార్లెంలో బ్రేకవే అనేవారు. దాని అడుగులలో న్యూయార్క్ నాటకశాలల పేట బ్రాడ్వేలో 1923లో వచ్చిన ప్రదర్శన ఒకటి దేశమంతటా పాకించిన చార్ల్‌స్టన్ అనే నాట్యం ఉంది. స్నోడెన్ స్వయంగా ఆడిన 1929 నాటి పొట్టి చిత్రం ‘ఆఫ్టర్ సెబెన్’ ఇప్పటికీ దొరుకుతుంది. అందులో నర్తకుల శరీరాలు నిటారుగా ఉంటాయి, కాళ్లు మాత్రమే చెలరేగుతాయి.

ఇప్పుడు 1935కు రండి. అదే సవాయ్‌లో స్నోడెన్ తరానికీ కుర్రకారుకూ పోటీ జరిగింది. స్నోడెన్ బాగా పొట్టివాడు, అతని జోడీ ఆరడుగులు దాటిన మనిషి, పేరు బిగ్ బీ (మన అమితాబ్‌కు ముందే ఒకరు ఉన్నారన్నమాట). ఆట ముగిసే వేళకు ఆమె అతనిని వీపు మీద ఎక్కించుకుని, అతను గాలిలో కాళ్లాడిస్తుండగా వేదిక దాటించేది, జనం పగలబడి నవ్వేవారు. ఇరవై ఒక్క ఏళ్ల మానింగ్ ఆ నవ్వు పుట్టించే ముగింపును చూసి, అదే భంగిమను సంగీతంతో పాటు సాగే అడుగుగా మార్చవచ్చని ఆలోచించాడు. ఫ్రీడా వాషింగ్టన్‌తో వీపుకు వీపు ఆనించి, ఆమెను తన మీదుగా దొర్లించి, తాళం తప్పకుండా ఎదుట దింపాడు. పోటీలో గాలిలోకి ఎత్తే విన్యాసాలు మొదలైంది అక్కడే. అప్పటికి శరీరం కూడా మారిపోయింది: కొత్త తరం పరుగు పందెంలో ఉన్నట్టు ముందుకు వంగి, నేలకు దగ్గరగా ఆడింది. ఏడేళ్లలో ఇంత మార్పు! 1929 రూపమే అసలైనదని పట్టుబడితే 1935 నాటికే లిండీ హాప్ చనిపోయిందని ఒప్పుకోవాలి. అలా ఎవరూ అనరు. 1955లో సంగీతం మారి, వేగం తగ్గి, అడుగులు మారితే మాత్రం చనిపోయిందని ఎందుకు అంటారు?

నిజానికి మార్పు జరిగింది, మరుపు జరగలేదు. వాషింగ్టన్ నగర నల్లజాతీయులు ఆడే హ్యాండ్ డాన్స్, షికాగో స్టెప్పింగ్, డెట్రాయిట్ బాల్‌రూమ్, ఫిలడెల్ఫియా బాప్ ఇవన్నీ ఆ వంశంలోనివే. తాతలు జిటర్‌బగ్ (స్వింగ్ జంట నాట్యానికి మరో పేరు) ఆడిన ఊళ్లలో మనవలు మోటౌన్, సోల్ వంటి నల్లజాతి పాటలకు జంటగా ఆడుతూ వచ్చారు, ఇప్పటికీ ఆడుతున్నారు. హ్యాండ్ డాన్స్‌ను 1999లో వాషింగ్టన్ తన అధికారిక నాట్యంగా ప్రకటించింది. వీటిలో దేనినీ స్వీడన్ వాళ్లు బతికించలేదు, ఎందుకంటే ఇవి ఎన్నడూ మంచాన పడలేదు.

పాతరికార్డు గారు చెప్పిన కారణాలలో ఒకటి తప్పిపోయింది. 1943 ఏప్రిల్‌లో వ్యభిచారం ఆరోపణలతో నగర అధికారులు సవాయ్‌ను మూయించారు, అక్టోబరు వరకు తెరవనివ్వలేదు. నల్లవారూ తెల్లవారూ ఒకే నేల మీద కలిసి ఆడటమే అసలు నేరమని హార్లెం పత్రికలు అప్పుడే రాశాయి. పన్నులూ పెట్రోలూ మాత్రమే లెక్కించి ఊరుకుంటే కథ సగమే చెప్పినట్టు.

పాతరికార్డు:

వంశం వేరు, మనిషి వేరు. హ్యాండ్ డాన్స్ చక్కని నాట్యమే, కాని అది నున్నగా, నిలకడగా, ఎక్కువగా ఆరు లెక్కల మీద సాగుతుంది. లిండీ హాప్‌కు ప్రాణం స్వింగ్ అవుట్: ఎనిమిది లెక్కలలో జోడీని దగ్గరకు తీసుకుని, ఆ ఊపుతోనే బయటకు వదిలి, చేతులు సాగిన క్షణంలో ఇద్దరూ తమకు తోచినది వేసే అవకాశం. వేగంగా పరుగెత్తే జాజ్ బృందం మీద అది ఆడే మామూలు జనం 1970 నాటికి నేల మీద ఎంతమంది మిగిలారు? వంశం కొనసాగితే చాలు అంటే కాలిఫోర్నియా 1988లో తన రాష్ట్ర నాట్యంగా ప్రకటించుకున్న వెస్ట్ కోస్ట్ స్వింగ్‌నూ, దక్షిణ కెరొలైనా 1984లోనే ప్రకటించుకున్న షాగ్‌నూ కూడా లిండీ హాప్ బతికి ఉన్నదనడానికి సాక్ష్యంగా తేవలసి వస్తుంది. అప్పుడు ఆ పేరుకు హద్దే ఉండదు.

స్వరాళి:

మీ ఇద్దరి మధ్యా ఒక మనిషి కనబడకుండా పోయారు: మామా లూ పార్క్స్. ఆమె సవాయ్‌లో పనిచేసినవారు. ఆ హాలు మూతపడిన తరువాత హార్లెం యువతీయువకులను కూడగట్టి, నాట్య బృందంగా తీర్చి, న్యూయార్క్‌లో జరిగే హార్వెస్ట్ మూన్ బాల్ నాట్య పోటీలలో లిండీ హాప్ విభాగం నిలిచేలా చూశారు, ఐరోపాకు కూడా తీసుకువెళ్లారు. ఇది హ్యాండ్ డాన్స్ కాదు, షికాగో స్టెప్పింగ్ కాదు. పాతరికార్డు గారు అడిగిన లిండీ హాపే, హార్లెంలోనే, నల్లజాతి పిల్లలతోనే. 1990లో ఆమె మరణించేవరకు ఆ పని సాగింది. ఆల్ మిన్స్ కూడా 1984కు ముందే న్యూయార్క్‌లోని ఒక నాట్య పాఠశాలలో నేర్పుతున్నారు. కనుక స్వీడన్ వాళ్లు తవ్వి తీసినది పాతిపెట్టిన నిధి కాదు. వారికి తెలియనిది వారికి తెలిసింది, అంతే.

వారు ఏ రూపాన్ని పట్టుకున్నారన్నది కూడా చూడాలి. సినిమాలో ఉన్నదే వారికి దొరికింది. 1941 నాటి ‘హెల్జాపాపిన్’లోని ఆ ప్రసిద్ధ దృశ్యాన్ని నెమ్మదిగా తిప్పి చూడండి: నాలుగు జంటలు, రెండున్నర నిమిషాల లోపు ఆట, శనివారం రాత్రి హాలులో ఎవరూ సాయంత్రమంతా నిలుపుకోలేని వేగం. వేసుకున్న దుస్తులు వంటవాడివి, పనిమనిషివి, మెకానిక్కువి. ఆ చిత్రంలో వారికి ఇచ్చిన చోటు అదే, సేవకుల చోటు. ఆ దృశ్యం సవాయ్ నర్తకులతో హెర్బర్ట్ వైట్ నడిపిన బృందం ప్రదర్శన కోసం కూర్చిన కళాఖండం. హార్లెంలో మామూలు మనిషి ఆఫీసు నుంచో ఫ్యాక్టరీ నుంచో వచ్చి, రెండు వేదికల మీద ఒక బృందం ఆపగానే రెండోది అందుకునే సవాయ్‌లో ఎలా ఆడేవాడో అది చెప్పదు. ప్రపంచమంతటా ఈనాడు నేర్పుతున్న లిండీ హాప్‌లో ఆ కెమెరా ముందటి ఆటకు ఉన్న పెద్దపీట, పేటలో మెల్లగా ఆడిన ఆటకు లేదు. నాకు ఇదే అసలు నష్టం అనిపిస్తుంది.

1943 ఆగస్టు 23 నాటి ‘లైఫ్’ పత్రిక గుర్తుకు వస్తుంది. లిండీ హాప్ అమెరికా జాతీయ జానపద నాట్యమని అది ఘనంగా ప్రకటించింది. లోపలి పుటలలో సవాయ్ నర్తకులు లియాన్ జేమ్స్, విల్లా మే రికర్ ఫొటోలు అద్భుతంగా ఉన్నాయి. ముఖచిత్రం మీద మాత్రం ఒక తెల్ల జంట. అప్పటికి సవాయ్ తలుపులు ఇంకా మూసే ఉన్నాయి.

కోనసీమ గాలి:

స్వరాళి గారూ, అయితే సినిమా చూసి నేర్చుకున్నవారు మానింగ్ దగ్గరకు ఎందుకు వెళ్లినట్టు? సినిమాతో సరిపెట్టుకోలేదు కదా.

లెనాక్స్ వీధి:

వెళ్లారు, అది వారి గొప్పతనమే. కాలిఫోర్నియా నుంచి ఎరిన్ స్టీవెన్స్, స్టీవెన్ మిచెల్ 1986లో ఆయనను కలిశారు, స్వీడన్ బృందమూ ఆయనను ఆహ్వానించింది. ఆయన 2009లో మరణించేవరకు దేశదేశాలు తిరిగి నేర్పారు, ఆయన పుట్టినరోజైన మే 26ను నేటికీ ప్రపంచ లిండీ హాప్ దినంగా జరుపుకుంటున్నారు. ఆ శిష్యుల శ్రద్ధను నేను తక్కువ చేయడం లేదు. వీడియో టేపును వెనక్కీ ముందుకూ తిప్పి అడుగు అడుగునూ రాసుకున్న ఓపికకు దండం పెట్టాలి. నా అభ్యంతరం ఒకటే. ఆ శ్రద్ధ ఫలితంగా పుట్టిన శిబిరాలు, పోటీలు, రుసుములు, గురువుల జాబితాలు అన్నీ ఐరోపా, తెల్ల అమెరికా చేతులలో ఉన్నాయి. నాట్యాన్ని కన్న సమాజం నుంచి ఆ నేల మీదకు వచ్చేవారు కొద్దిమందే. అది అంతరించింది, మేము కాపాడాము అనే కథ ఆ పరిస్థితికి సమర్థనగా పనిచేస్తుంది: వారసులు వదిలేసుకున్నారు గనుక ఆస్తి దొరికినవారిది అన్నట్టు. లయమిత్ర గారికి మింగుడుపడనిది బహుశా ఇదే.

మరొక మాట. న్యూయార్క్ స్వింగ్ డాన్స్ సొసైటీ 1985లో ఏర్పడింది, సవాయ్ తరం నర్తకి నార్మా మిల్లర్ వేదిక దిగనే లేదు. స్వీడన్ కథలో వీరెవరూ కనబడరు. నల్లజాతి సంగీతానికి నివాళిగా బ్రాడ్వే మీద వచ్చిన ‘బ్లాక్ అండ్ బ్లూ’లో నాట్య రూపకల్పనకు మానింగ్‌కు ఇతరులతో కలిసి 1989లో బ్రాడ్వే నాటకాలకిచ్చే టోనీ పురస్కారం దక్కింది.

పాతరికార్డు:

1989 అంటే మీరు చెప్పిన ఆ 1986 సందర్శన తరువాతే కదా, లెనాక్స్ వీధి గారూ. మామా లూ పార్క్స్ పేరు చర్చలోకి తెచ్చినందుకు స్వరాళి గారికి కృతజ్ఞతలు. అయినా ఒక బృందం, ఒక పోటీ విభాగం ఉండటానికీ, ఊళ్లలో జనం ఆడుకోవడానికీ ఉన్న తేడా చిన్నది కాదు. 1975లో హార్లెంలో మామూలు శనివారం రాత్రి స్వింగ్ అవుట్ ఆడే హాలు ఒకటి ఉండేదని చూపండి, అప్పుడు స్వీడన్ వాళ్ల పేరు వెనక్కి జరుపుతాను. డబ్బు, అధికారం ఎవరి చేతిలో ఉన్నాయన్నది న్యాయమైన ప్రశ్నే, కాని దానికి వేరే చర్చ తెరవండి, అందులో నేను మీ పక్షాన ఉంటాను.

స్వరాళి:

వేరే చర్చ అక్కరలేదు, రెండూ ఒకటే. మీరు అడిగే ఆ హాలును 1958లో మూసి, ఆపై కూల్చివేసి, 1975లో అది ఎక్కడుందో చూపమంటున్నారు.