స్వారీ కంచరగాడిద కోసం ఏ గుర్రాన్ని కట్టించాలి?

కొండదారి (ప్రశ్న)

నా దగ్గర రెండు ఆడగుర్రాలున్నాయి. పెద్దది కొండదారుల్లో ఎటు తిప్పితే అటు వస్తుంది, దేనికీ బెదరదు. చిన్నది మంచి ఎత్తరి, చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ జీను వేయబోతే చాలు, వెనకకాళ్లు ఝాడిస్తుంది. దాన్ని ఎక్కడం మానేశాను. దూరప్రయాణాలకు నమ్మి ఎక్కగలిగే కంచరగాడిద కావాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఎలాగూ ఖాళీగానే ఉంది కదా అని చిన్నదాన్ని మగగాడిదతో కట్టిద్దామనుకుంటున్నాను. గాడిద నిదానం పిల్లకు వస్తుందంటున్నారు, నిజమేనా? గాడిదలో ఏం చూడాలి?

జీనుపట్టీ

పెద్దదాన్నే కట్టించండి. ఈ విషయంలో గట్టిగా చెప్తున్నాను, ఏమీ అనుకోవద్దు. ఎక్కడానికి పనికిరాని గుర్రాన్ని కంచరగాడిద కోసం వాడేయొచ్చన్న ఆలోచన వల్లే ఎవరూ ఎక్కలేని కంచరగాడిదలు పుడుతున్నాయి.

పిల్లకు ఒంటి తీరు, నడక చాలావరకు తల్లివే. చెవులు, తల, ఇరుకైన నిటారు గిట్టలు తండ్రివి. బుద్ధి సంగతికొస్తే రక్తం ఒక్కటే కాదు. పాలు తాగే నెలలన్నీ పిల్ల తల్లి పక్కనే ఉంటుంది. మనిషిని చూసి తల్లి చెవులు వెనక్కి వాలిస్తే పిల్లా అదే నేర్చుకుంటుంది. కంచరగాడిదకు ఒక భయం పట్టుకుంటే వదిలించడం చాలా కష్టం. పైగా అది ముప్పై ఏళ్లు దాటి బతికే జంతువు.

పెద్దదాని మూపు ఒకసారి చేత్తో తడిమి చూడండి. గాడిద పోలిక వల్ల కంచరగాడిదకు మూపు చదునుగా ఉంటుంది. దిగుడు దారిలో జీను మెడ మీదికి జారుకుంటూ వస్తుంది. అందుకే తోక కిందనుంచో, తొడల వెనకనుంచో పట్టీ వేస్తారు. తల్లికి మూపు ఎత్తుగా, భుజం ఏటవాలుగా ఉంటే పిల్ల మీద జీను నిలుస్తుంది, అడుగు సాఫీగా పడుతుంది. కుదుపు లేని నడక కావాలనుకునేవాళ్లు టెనెసీ వాకర్, మిస్సోరి ఫాక్స్ ట్రాటర్ లాంటి గుర్రాలను ఎంచుకునేది ఇందుకే. గాడిదకు ఆ నడక ఉండదు, అది తల్లి వైపు నుంచి రావాల్సిందే.

మగగాడిదలో ఎత్తు ఒక్కటే చూసి మురిసిపోకండి. కాళ్లు తిన్నగా ఉండాలి, గట్టి ఎముక ఉండాలి, పైపళ్లు కిందిపళ్లు సరిగ్గా కలవాలి. దాని యజమాని మామూలు పలుపు వేసి నడిపించుకు రాగలడో లేదో మీ కళ్లతో చూడండి. ఆడగుర్రం ఎదురుగా ఉన్నప్పుడు కూడా మాట వింటే అది మంచి గాడిద.

గాడిదలమంద

అన్ని మగగాడిదలూ గుర్రాలను కట్టవు, ముందే కనుక్కోండి. ఆడగాడిదలకు అలవాటుపడినది ఆడగుర్రాన్ని కన్నెత్తి కూడా చూడకపోవచ్చు. ఈ పనికి ఉద్దేశించినదాన్ని పాలు మాన్పించగానే ఆడ గుర్రప్పిల్లల మధ్య పెంచుతారు. 1785లో స్పెయిన్ రాజు జార్జ్ వాషింగ్టన్‌కు పంపిన 'రాయల్ గిఫ్ట్' అనే గాడిదతోనూ ఇదే తంటా. మొదట్లో అది ఆడగుర్రాలను పట్టించుకోలేదు. ఇంకో మాట, గాడిదకు తొందరుండదు. గుర్రంలా వెంటనే పని కానివ్వదు, ఓపిగ్గా నిలబడాలి. మందు వేయించని గాడిద పక్కన గుర్రాన్ని మేపకండి. గాడిదలో బయటపడని ఊపిరితిత్తుల పురుగు గుర్రానికి దగ్గు తెప్పిస్తుంది.

పశువైద్యం

ముర్రుపాల సంగతి ఎవరూ ఎత్తలేదు. గాడిద ఎర్రరక్తకణాల మీద గుర్రానికి లేని ఒక గుర్తు ఉంటుంది, అది తండ్రి నుంచి పిల్లకూ వస్తుంది. పిల్ల రక్తం తల్లి రక్తానికి తగిలితే దానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు తయారై ముర్రుపాలలోకి చేరతాయి. పిల్ల పుట్టినప్పుడు చలాకీగానే ఉంటుంది. ఆ పాలు తాగాక ఒకటి రెండు రోజుల్లో నీరసపడి, కళ్లు పచ్చబడి, మూత్రం ఎర్రగా పోస్తుంది. సాధారణ గుర్రప్పిల్లల్లో కంటే కంచరగాడిద పిల్లల్లో ఇది చాలా ఎక్కువ. ఈనగానే పిల్ల రక్తాన్ని తల్లి ముర్రుపాలతో కలిపి పరీక్షించమని డాక్టర్ని అడగండి. గడ్డకడితే పిల్ల మూతికి చిక్కం వేసి, దాదాపు రెండు రోజులు తల్లి పాలు పిండి పారబోయాలి. పిల్లకు వేరే గుర్రం ముర్రుపాలు మాత్రం మొదటి కొన్ని గంటల్లోనే అందాలి. అవి ముందే సంపాదించి ఫ్రీజర్‌లో దాచుకోండి.

కొండదారి

పెద్దది ఇంతకుముందు గుర్రప్పిల్లను ఈనింది. అయితే ప్రమాదమేనా?

పశువైద్యం

గాడిదతో ఇదే మొదటి చూలయితే ప్రమాదం తక్కువ. రెండో కంచరగాడిద పిల్ల నుంచి పెరుగుతుంది. అయినా పరీక్ష మానొద్దు. గుర్రప్పిల్లకు పట్టే పదకొండు నెలల కంటే ఈ చూలు కొన్ని రోజులు ఎక్కువే సాగుతుంది, కంగారుపడకండి.

జీనుపట్టీ

మగపిల్ల పుడితే ఏడాది లోపే వృషణాలు తీయించేయండి. గుర్రానికి 64, గాడిదకు 62 క్రోమోజోములు, పిల్లకు 63, అవి సరిగ్గా జతపడవు కాబట్టి దానికి పిల్లలు పుట్టవు. సంతానం కలగదు కదా, ఎందుకులే అని కొందరు వదిలేస్తారు. సంతానం లేకపోయినా మదం తగ్గదు. కోయించని మగ కంచరగాడిద కరుస్తుంది, మనిషి మీదికి వస్తుంది. గుర్రాలకు కోసే డాక్టర్ కాకుండా గాడిదలకు కోసిన అనుభవమున్నవారిని చూడండి, వీటికి రక్తం ఎక్కువ పోతుంది.