‘నోబడీస్ ఫాల్ట్ బట్ మైన్’ ఎవరి పాట? సంప్రదాయమా, బ్లైండ్ విల్లీ జాన్సన్‌దా?

పాతప్లేటు:
చాలా రోజులుగా అడగాలనుకుంటున్నాను. జాన్సన్ టెక్సస్‌కు చెందిన అంధ గాయకుడు, గిటార్ వాద్యకారుడు. 1927 డిసెంబర్ 3న అక్కడి డల్లాస్‌లో కొలంబియా రికార్డు కంపెనీకి ఈ పాట పాడాడు. తొలి రికార్డు అదే. ప్లేటు తిప్పితే రెండోవైపు ‘డార్క్ వాజ్ ద నైట్’. 1976లో ఇంగ్లండ్ రాక్ బృందం లెడ్ జెప్లిన్ వాళ్లు ‘ప్రెజెన్స్’ ఆల్బమ్‌లో ఇదే పేరుతో పాడి, రచయితలు తమ బృందంలోని పేజ్, ప్లాంట్ అని వేసుకున్నారు. ఇదేమిటని అడిగితే అభిమానులు ‘అది సంప్రదాయ గీతం’ అంటారు. ఎటు తిరిగినా జాన్సన్ పేరే ఎగిరిపోతోంది. ఇది అన్యాయం కాదా?

గిటార్‌శ్రీను:
జెప్లిన్ పాట పూర్తిగా విన్నారా అండీ? ఆరు నిమిషాలు దాటుతుంది. బైబిల్ పోయి సైతాను వచ్చాడు. ఆ రిఫ్, అదే మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ స్వరవరుస, జాన్సన్ దగ్గర లేదు. పాతది పల్లవి ఒక్కటే.

పాతప్లేటు:
‘ఒక్కటే’ ఏమిటి? ఈ పాటకు ప్రాణమే పల్లవి. జాన్సన్ ఎలా పాడాడో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. సగం వాక్యంలో గొంతు ఆపేస్తాడు. మిగతా మాటను తీగ మీద స్లైడ్ జార్చి పలికిస్తాడు. గిటార్ ఆ మాట అన్నట్టే మనకు వినిపిస్తుంది. సంప్రదాయం అలా పాడదు, మనిషి పాడతాడు.

గిటార్‌శ్రీను:
నేను అడిగింది రిఫ్ సంగతి.

సుధ_బందరు:
అమెరికన్ గాయని నీనా సిమోన్ ఇదే పాటను పియానో మీద పాడింది కూడా వినండి, 1969 ఆల్బమ్. మరో మాట. ఇంట్లో బైబిల్ ఉంది, చదవడం మావాళ్లు నేర్పారు, చదవకపోతే నా ఆత్మ నశిస్తుంది, తప్పు నాదే అంటున్నవాడు చూపు లేని మనిషి. విన్న ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

డేవిడ్_గుంటూరు:
పాతప్లేటు గారూ, ‘డార్క్ వాజ్ ద నైట్’ మాటేమిటి? దాని మూలం ఇంగ్లండ్ పాదిరి థామస్ హావీస్ రాసిన కీర్తన, 1792లో అచ్చయింది. జాన్సన్ మాటలన్నీ తీసేసి మూలుగు మాత్రం ఉంచాడు. దాన్నే 1977లో నాసా వాయేజర్ నౌకలో పెట్టి అంతరిక్షానికి పంపారు. అక్కడ హావీస్ పేరు అడిగారా మీరు? గుడి పాట సంఘానిది. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోతూనే ఉంటుంది.

పాతప్లేటు:
ఈ ‘సంఘానిది’ అన్న మాట నాకు బాగా తెలుసు. మా పెదనాన్న ఒక పాట కట్టాడు. కొట్టివేతలతో సహా ఆ నోటుబుక్ ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఒక క్యాసెట్ కంపెనీ దాన్ని ‘పాత కీర్తన’ అని వేసి అమ్ముకుంది. ఆయన బతికుండగానే! పెళ్లిళ్లలో మైకులో వినబడితే ఆయన లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

డేవిడ్_గుంటూరు:
మీ ఇంటి గొడవ టెక్సస్ పాట మీద రుద్దకండి.

పాతప్లేటు:
పేరు పోయినవాడి ఇంట్లో పుట్టి ఉంటే ఆ మాట అనేవారు కాదు.

డేవిడ్_గుంటూరు:
పుట్టాను సార్. మా అమ్మమ్మకు సంతకం రాదు. నాట్లేస్తూ నలుగురు ఆడవాళ్లు కట్టిన పాటలు రాత్రి ప్రార్థన కూటంలో పాడేవాళ్లు. ఏ చరణం ఎవరిదో వాళ్లకే తెలియదు. రేపు ఎవడో మైకు పట్టుకుని ముందుగా రికార్డు చేస్తే, తొలి రికార్డు నాదే, పాట నాదే అంటాడు. మీ లెక్క ప్రకారం అతనిదే అవుతుంది కదా? నోటుబుక్ ఉన్నవాళ్లకే పేరా?

సుధ_బందరు:
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. జెప్లిన్ వాళ్లు జాన్సన్ పేరు వేయకపోవడం తప్పని ఇద్దరూ ఒప్పుకుంటున్నారు కదా?

డేవిడ్_గుంటూరు:
అది తప్పే. నేనెప్పుడు కాదన్నాను?

పాతప్లేటు:
డేవిడ్ గారూ, మీ అమ్మమ్మ గారి సంగతి విన్నాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ జాన్సన్ మైకు పట్టుకుని పాట కొట్టేసినవాడు కాదు. వీధుల్లో పాడి బతికినవాడు. 1927 నుంచి 1930 దాకా 30 రికార్డింగులు చేశాడు, ఆ తర్వాత స్టూడియో లేదు. 1945లో టెక్సస్‌లోని బోమంట్‌లో ఇల్లు కాలిపోతే, ఆ కాలిన ఇంట్లోనే తడి పరుపు మీద పడుకుని జబ్బుపడి పోయాడని భార్య ఆంజెలీన్ చెప్పింది. ఆయనకు మిగిలింది ఆ పేరే.

సుధ_బందరు:
‘సంప్రదాయం, బ్లైండ్ విల్లీ జాన్సన్ పాడిన రీతి’ అని వేస్తే?

డేవిడ్_గుంటూరు:
పాడిన రీతి అంటే ఒప్పుకుంటాను. రచయిత అంటే ఒప్పుకోను.

పాతప్లేటు:
నేను రచయిత అనే అంటాను.