ఏబీఏ హరితరేణువులో చిక్కుకుంటే రక్షక కణాల దాకా ఎలా వస్తుంది?

బాటనీ_బెంచి:
ఎమ్మెస్సీ ఫస్టియర్ అండీ. అబ్సైసిక్ ఆమ్లం (ఏబీఏ అనే మొక్క హార్మోన్) పగటిపూట హరితరేణువుల్లో పోగవుతుందని ఒకచోట చదివా, నీళ్ళు తగ్గితే అదే రక్షక కణాల చేత (రంధ్రం అంచున ఉండే జంట కణాలు) పత్రరంధ్రాలు మూయిస్తుందని ఇంకోచోట ఉంది. లోపల పోగయ్యేది బయటికెలా వస్తుంది? పైగా మొన్న ల్యాబ్‌లో డిస్టిల్డ్ వాటర్ అయిపోతే ఏబీఏని బోరు నీళ్ళలో కలిపి ఆకు పొర మీద వేశా, గంటసేపు మైక్రోస్కోప్‌లో కళ్ళు పెట్టుకు కూర్చున్నా ఒక్క రంధ్రమూ మూసుకోలేదు.

పచ్చాకు:
పీహెచ్ చూడండి, సగం అక్కడే తేలిపోతుంది. ఏబీఏ బలహీన ఆమ్లం, పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ వదిలేసే పీహెచ్) 4.7 దగ్గర. ప్రోటాన్ ఉన్నంతసేపు త్వచంలోంచి జారిపోతుంది, అది ఊడి రుణావేశం వచ్చిందా, దాటడం కష్టం. వెలుతురులో హరితరేణువులోని థైలకాయిడ్ సంచులు ప్రోటాన్లను లాగేసుకోవడంతో స్ట్రోమా (వాటి చుట్టూ ఉండే ద్రవం) పీహెచ్ 8 దాకా పోతుంది, కణద్రవ్యంలో 7.2 చిల్లర, అందుకే స్ట్రోమాలోకి వచ్చింది అక్కడే వలలో పడ్డట్టు ఇరుక్కుంటుంది, లెక్కేస్తే ఆరు రెట్లు. చీకటి పడితే వల వదులవుతుంది. ఇక కణగోడల్లో మామూలుగా 6 లోపే ఉండేది, మొక్క వాడితే చాలావాటిలో పెరుగుతుంది. 5.7 దగ్గర పదకొండింట ఒక అణువు ఆవేశం లేకుండా ఉంటే, 6.7 దగ్గర నూటికి ఒకటే. దాంతో దారిలో ఆకు లోపలి మీసోఫిల్ కణాలు మింగేది తగ్గి, నీటితోపాటు రక్షక కణాల దాకా చేరుతుంది.

రిక్తిక_రావు:
వల కథ సరే, కానీ దాంతోనే సరిపెడితే పాత పాఠమే. హరితరేణువులో తయారయ్యేది క్సాంథాక్సిన్ (ఏబీఏకి ముందు రూపం) వరకే, ఏబీఏగా మారేది కణద్రవ్యంలో. గ్లూకోజ్ తగిలించి రిక్తికలో (కణంలోని నీటి సంచిలో) దాచింది వేరే ఉంది, అవసరమైనప్పుడు ఎంజైములు ఆ గ్లూకోజ్‌ను కోసేస్తాయి. త్వచంలో తలుపుల్లాంటి ప్రోటీన్లూ ఉన్నాయి, 2010లో అరబిడాప్సిస్ అనే ప్రయోగాల మొక్కలో బయటపడ్డాయి: ఏబీసీజీ25 బయటికి నెడుతుంది, ఏబీసీజీ40 లోపలికి తెస్తుంది. అన్నట్టు రక్షక కణాలు సొంతంగానూ ఏబీఏ చేసుకోగలవు.

బాటనీ_బెంచి:
ఇప్పుడే బోరు నీళ్ళలో పీహెచ్ పేపర్ ముంచా. 8 రంగు వచ్చింది 😭

పచ్చాకు:
అయితే మీ ఏబీఏ చాలావరకు బయటే తిరుగుతోంది. తలుపు ఉందిగా అంటారు రావుగారు, నిజమే, కాబట్టి తప్పంతా నీళ్ళదే అనలేం. ఈసారి మెస్ బఫర్ (పీహెచ్ నిలకడగా ఉంచే ద్రావణం) వాడి, పీహెచ్ 6.15 దగ్గర పెట్టండి, ముందు రెండు మూడు గంటలు వెలుతురులో ఉంచి రంధ్రాలు తెరుచుకోనివ్వండి. ఏబీఏని ఆల్కహాల్‌లో కరిగించారా? అయితే కంట్రోల్‌లోనూ (ఏబీఏ వేయని పొరలోనూ) అంతే ఆల్కహాల్ పోయాలి. అసలు పొర బతికుందో లేదో న్యూట్రల్ రెడ్ రంగు వేసి చూడండి. బతికున్న రక్షక కణాల్లో రిక్తికలు ఎర్రబడతాయి. అదీ ఈ వల పనే, కాకపోతే ఆ రంగు బలహీన క్షారం కాబట్టి ఆమ్లంగా ఉన్న రిక్తికలో చిక్కుతుంది.