‘నొబ్లెస్ ద రోబ్’కి సరైన తెలుగు మాట కావాలి

1789కి ముందటి ఫ్రాన్స్ మీద డిగ్రీ పాఠం అనువదిస్తూ ‘నొబ్లెస్ ద రోబ్’ (అక్షరాలా ‘అంగీ కులీనత’) అన్న ఫ్రెంచ్ మాట దగ్గర ఆగిపోయాను. యుద్ధాల్లో కత్తి పట్టి తెచ్చుకున్న హోదా కాదిది, పదవితో వచ్చింది. డబ్బున్న బూర్జువా (కులీనుడు కాని పట్టణవాసి) రాజుగారి కార్యదర్శి పదవి కొని 20 ఏళ్లు చేసినా, పదవిలో ఉండగానే పోయినా, కులీనత పిల్లలకూ దక్కేది. సామాన్యపు పుట్టుకను కడిగేస్తుందని జనం ఈ పదవిని ‘మోటువాడి సబ్బుబిళ్ల’ అని ఎగతాళి చేసేవారు. 1604 నుంచి ఏటా పదవి విలువలో అరవయ్యో వంతు కడితే పదవి వారసులకూ వెళ్లేది. పాత కుటుంబాలు మాత్రం వీళ్లను కలుపుకోలేదు. 1781 ఉత్తర్వు వచ్చాక సైన్యంలో నేరుగా అధికారి కావాలంటే నాలుగు తరాల కులీనత చూపాలి.

‘ఉద్యోగ ప్రభువులు’ అని రాస్తే గుమాస్తాల్లా వినిపించింది. ‘జమీందారులు’ అంటే శిస్తే గుర్తొస్తుంది. ‘కొత్త కులీనులు’ కొంత నయం, కానీ మూడో తరంవాడు కొత్తవాడెలా అవుతాడు? ‘అంగీ కులీనులు’ అంటే చదివినవాళ్లు నవ్వారు. (‘బూర్జువా’ను ‘పెట్టుబడిదారు’ అనలేదు. వాళ్లలో లాయర్లు, పదవులవాళ్లు, వడ్డీల మీద బతికేవాళ్లు బోలెడు.)

పదవి వల్ల వచ్చిన కులీనత అని పాదసూచిక లేకుండానే తెలిసేలా, రెండు మాటలు మించకుండా, మీరైతే ఏం రాస్తారు?