అప్‌డేట్: నాయిన ఇంటి కాగితం సంగతి

దేవరకొండల మా నాయిన కట్టుకున్న ఇల్లు ఆయన తదనంతరం చెల్లెకు దక్కాలంటే ఏం రాయించాలని అడిగిన గద. నల్గొండల వకీలు సారును కలిసినం. మేం రాయించిన చిత్తుకు పైన 'గిఫ్ట్ డీడ్' అని, లోపల 'నా మరణానంతరం హక్కు సంక్రమించును' అని ఉంది. ఆ వాక్యంతోని అది వీలునామా కిందికే వస్తదన్నడు. గిఫ్టయితే హక్కు ఇప్పుడే మారాలె, రిజిస్ట్రేషన్ తప్పదు.

వీలునామాకు 1925 వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు నాయిన ముందర సంతకం పెట్టాలె. రిజిస్ట్రేషన్ మన ఇష్టం, స్టాంపు డ్యూటీ లేదు. బతికున్నన్ని రోజులు ఆయన మార్చుకోవచ్చు. నాకదే నచ్చింది, ముసలితనంల ఇల్లు ఆయన చేతిలనే ఉండాలె.

చెల్లె ఇంటోళ్లు కానోళ్లను, నాయిన కంటే చిన్న వయసోళ్లను సాక్షులుగ పెట్టినం. రేపు కోర్టుల నిరూపించాల్సింది వాళ్లే. రిజిస్ట్రేషన్ గూడ చేయించినం.