బీచ్ ఊరికి చవక ఫ్లైట్లు: నలుగురికి వెతికితే ధర ఎందుకు ఎగురుతోంది?

కిటికీసీటు

బీచ్ రిసార్టులున్న ఊరికి వారం రోజుల ట్రిప్. ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలు (9, 13 ఏళ్ళు). తేదీలు మూడు నాలుగు రోజులు అటూ ఇటూ జరపొచ్చు, నెల మార్చడం కుదరదు. ఒక్కరికి వెతికితే ఒక ధర, నలుగురికి వెతికితే తలకి అంతకంటే ఎక్కువ చూపిస్తోంది. ఇదెందుకు? ఇన్‌కాగ్నిటోలో (మన పాత వెతుకులాట గుర్తుంచుకోని బ్రౌజర్ విండో) చూస్తే తగ్గుతుందా? చివరి వారం దాకా ఆగితే రిసార్ట్ ఊళ్ళకి టికెట్లు పడిపోతాయని కొందరంటున్నారు, నమ్మొచ్చా?

రన్‌వే27

మొదటిదానికి కారణం ఫేర్ బకెట్లు. ఒకే ఎకానమీ క్యాబిన్‌ని ఎయిర్‌లైన్ చాలా ధరల మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకి ఒక్కో అక్షరం పెడుతుంది. అడుగు మెట్టులో రెండే సీట్లు మిగిలి ఉన్నప్పుడు మీరు నాలుగు అడిగితే, సిస్టమ్ సాధారణంగా రెండు చవకవి, రెండు ఖరీదైనవి కలిపి ఇవ్వదు. నాలుగూ దొరికే పై మెట్టుకి అందర్నీ ఎక్కించేస్తుంది.

కాబట్టి ముందు ఒక్కరికి, తర్వాత ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి వెతకండి. ఏ సంఖ్య దగ్గర ధర ఎగిరిందో అక్కడ బుకింగ్‌ని విడగొట్టాలి. మీకు 2+2 సరిపోతుంది, ఒక్కోదాంట్లో ఒక పెద్ద, ఒక పిల్ల ఉండేట్టు. 12 నిండినవాళ్ళని ఎయిర్‌లైన్లు మామూలుగా పెద్దవాళ్ళ కిందే లెక్కేస్తాయి. మీ 13 ఏళ్ళ పిల్లకి చైల్డ్ ఫేర్ ఆశించకండి, వెతికేటప్పుడే ముగ్గురు పెద్దలు, ఒక చైల్డ్ అని పెట్టండి.

విడగొడితే ఇబ్బంది ఒకటుంది. ఫ్లైట్ రద్దయితే రెండు పీఎన్ఆర్‌లూ వేరే వేరే విమానాల్లోకి పోవచ్చు. బుక్ చేయగానే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి ఒకదాని నంబర్ ఇంకోదాంట్లో రిమార్క్‌గా రాయించండి. అది హామీ ఏమీ కాదు, కానీ కౌంటర్లో మనిషికి కనిపిస్తుంది.

ఇన్‌కాగ్నిటో వల్ల ఒరిగేదేం లేదు. పోలిక సైట్లో కనిపించేది చాలాసార్లు కాసేపటి క్రితం దాచిపెట్టుకున్న ధర. నొక్కి లోపలికెళ్ళాక అసలు సీట్ల లెక్క వస్తుంది. ఈలోపు ఆ మెట్టు ఖాళీ అయితే ధర ఎగురుతుంది, మనల్ని గుర్తుపట్టి పెంచారని అనుకుంటాం. కాసేపాగి చూస్తే ఒక్కోసారి పాత ధరే మళ్ళీ కనిపిస్తుంది. ఎవరో డబ్బు కట్టకుండా వదిలేసిన సీట్లు తిరిగి వచ్చి ఉంటాయి.

ఉప్పుగాలి

చివరి నిమిషం సంగతి: అది సగం నిజం. హోటల్‌తో కలిపి ప్యాకేజీలు అమ్మే టూర్ కంపెనీలు విమానం మొత్తం, లేదా కొన్ని సీట్లు ముందే కొనేసుకుంటాయి. అమ్ముడుపోనివి బయల్దేరే ముందు వారం, రెండు వారాల్లో సీటు మాత్రమే అని తగ్గించి వదులుతాయి. మధ్యధరా తీరపు ఊళ్ళకి ఇది బాగా కనిపిస్తుంది. నలుగురికి ఒకేచోట దొరకడం మాత్రం కష్టం, బడి సెలవుల్లో అయితే ఆ ఆశే వద్దు. మామూలు షెడ్యూల్ విమానాల్లో చివరికొచ్చేసరికి మిగిలేది పై మెట్లే.

మీకు నెల మారదు గనుక అసలు ఆదా వారంలో రోజు దగ్గరే ఉంది. బీచ్ ఊళ్ళకి శుక్రవారం సాయంత్రం వెళ్ళి ఆదివారం రాత్రి తిరిగొచ్చే జనం ఎక్కువ. మంగళ, బుధవారాలు తరచుగా చవక. గూగుల్ ఫ్లైట్స్‌లో డేట్ గ్రిడ్ తెరిస్తే వెళ్ళే తేదీలూ వచ్చే తేదీలూ గళ్ళలో పక్కపక్కనే ఉంటాయి. ఒక్క రోజు జరిపితే ఎంత తేడానో అక్కడే తేలిపోతుంది. తర్వాత ట్రాక్ ప్రైసెస్ (ధర మారితే మనకి కబురు పంపేది) ఆన్ చేసి వదిలేయండి, రోజూ వెతుక్కోనక్కర్లేదు.

పక్క ఎయిర్‌పోర్ట్‌ని మరిచిపోవద్దు. ఫుకెట్‌కి క్రాబీ, మయామీకి ఫోర్ట్ లాడర్‌డేల్, కాన్‌కూన్‌కి 2023 డిసెంబరులో తెరిచిన టులుమ్, గోవాలో దబోలిమ్‌తో పాటు మోపా. ఒక దాంట్లో దిగి ఇంకో దాంట్లో ఎక్కాలంటే మల్టీ సిటీ అని వెతకాలి. రౌండ్ ట్రిప్, రెండు వన్‌వేలు, మల్టీ సిటీ మూడూ పోల్చండి, ఏది తక్కువో ముందే చెప్పలేం.

చవకగా ఉందంటే ఎందుకో కూడా చూసుకోండి. ఫుకెట్‌లో మే నుంచి అక్టోబరు దాకా వానాకాలం, సముద్రం పోటెత్తి ఈతకి ఎర్రజెండాలు పెడతారు. కరీబియన్ వైపు జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా హరికేన్ సీజన్.

బరువెంత

పైవన్నీ చేసి చివర్లో బ్యాగుల దగ్గర పోగొట్టుకుంటారు చాలామంది. బడ్జెట్ ఎయిర్‌లైన్ మొదటి పేజీలో చూపే ధరకి చాలా చోట్ల సీటు కింద పట్టే సంచి ఒక్కటే వస్తుంది. కాగితం మీద కూడండి: టికెట్ + క్యాబిన్ బ్యాగ్ + చెకిన్ బ్యాగ్ + పక్కపక్క సీట్లు + ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కి బండి. ఇదంతా రానూ పోనూ. నలుగురికి రెండు పెద్ద బ్యాగులు చాలు, నాలుగు కొనొద్దు. బ్యాగ్ బుకింగ్‌తోనే కొనండి, గేట్ దగ్గర కొంటే వాత.

పోలిక సైట్లో రేటు చూసి, కొనడం మాత్రం ఎయిర్‌లైన్ సొంత సైట్లో చేయండి. తేడా కొద్దిగా ఉన్నా సరే. ఏజెంట్ సైట్లో కొంటే పేరులో అక్షరం తప్పు దిద్దాలన్నా, రీఫండ్ కావాలన్నా ఎయిర్‌లైన్ వాళ్ళు తిరిగి ఆ ఏజెంట్ దగ్గరికే పంపుతారు.

కిటికీసీటు

2+2 తో తగ్గింది, థాంక్సండీ. ఇంకొకటి. మధ్య ఊళ్ళో మారుతూ రెండు వేరే ఎయిర్‌లైన్ల టికెట్లు విడివిడిగా కొంటే ఇంకా చవక. మధ్యలో గంటా నలభై నిమిషాలు ఉంది. సరిపోతుందా?

రన్‌వే27

వద్దండీ. విడి టికెట్లంటే మొదటి విమానం లేటైతే రెండోవాళ్ళకి సంబంధం లేదు, మీరు నో షో (విమానానికి రానివాళ్ళు) కింద లెక్క అయిపోతారు. చాలాసార్లు తిరుగు టికెట్ కూడా రద్దయిపోతుంది. బ్యాగులు బెల్టు మీద తీసుకుని, బయటికొచ్చి, మళ్ళీ చెకిన్ చేయాలి. బడ్జెట్ ఎయిర్‌లైన్ల కౌంటర్లు బయల్దేరే ముందు 40 నిమిషాల నుంచి గంటలోపే మూసేస్తారు. అంటే మీ చేతిలో మిగిలేది గంట, ఇంకా తక్కువే. అది వేరే దేశమైతే బ్యాగుల కోసం ఇమిగ్రేషన్ దాటాలి, దానికి వీసా కావాల్సి రావచ్చు. కనీసం నాలుగైదు గంటలు ఉంటే ఆలోచించండి. అదే దారికి ఒకే పీఎన్ఆర్ మీద టికెట్ ఎంతుందో ముందు చూడండి.